రెండో ఎనిమిది

నెల్లిమర్ల మిల్లు గ్రౌండులో
నేనొక్క బంతీ ఆడలేదు.
స్కోరుబోర్డు వెనక పీట మీద నిలబడి
అంకెలు తగిలించేవాణ్ణి.
ఆదివారానికి అర్ధరూపాయీ, సగం గ్లాసు టీయీ.

నల్లరేకు మీద తెల్ల పెయింటు.
చంపావతి వైపు నుంచి గాలి లేస్తే
మేకులకి వేలాడి టకటకలాడేవి.
ఒకట్లకి లోటు లేదు.
తొమ్మిది కావాలంటే ఆరుని తలకిందులు చేసేవాణ్ణి.
ఎనిమిదే ఒక్కటి.
రెండోది ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలీదు,
పోయిందని మాత్రం గుర్ల దాకా తెలుసు.

ఎనభై ఎనిమిది వచ్చిందంటే
బోర్డు మీద ఒక ఎనిమిది, పక్కన ఒట్టి మేకు.
అప్పుడు టెంటు కింద బల్ల దగ్గర
స్కోరరు బార్నాల ఎర్నాయుడు లేచి నిలబడి
రెండు చేతులూ ఎత్తేవాడు.
స్పిన్నింగు ఫ్రేము తిన్నవి పోగా
మిగిలిన వేళ్ళు సరిగ్గా ఎనిమిది.
మూడువేల మంది నవ్వేవారు,
అందరికంటే ముందు ఆయనే.

మూడువేలన్నాను. ఎవరు లెక్కపెట్టారు?
టికెట్టు లేదు, గోడ లేదు.
చింపిన గోనె పరుచుకుంటే అది కుర్చీ,
సైకిలు కేరేజీ ఎక్కితే అది గేలరీ.
పిచ్ మీద పరిచిన గోగునార పట్టా వాళ్ళు నేసిందే.
బంతి పడి అడ్డంగా తిరిగితే
బౌలరుని కాదు, నేతవాణ్ణి మెచ్చుకునేవారు.
"సూసినావేట్రా, ఆ ముడి నాదే!"

ఆదివారమైనా మిల్లు ఆగేది కాదు.
రెండింటికి కూత కూస్తే
సగంమంది ఓవరు మధ్యలో లేచిపోయేవారు.
కనురెప్పల మీద నారధూళితో మిగతా సగం వచ్చి
ఇంకా వెచ్చగా ఉన్న గోనెల మీద కూలబడేవారు.
సోమవారం గేటు దగ్గర
బీడీకి బీడీ అంటించుకున్నట్టు
ఒకడి సగం ఇంకొకడికి ఇచ్చి
మ్యాచి పూర్తి చేసుకునేవారు.

వేరుశనక్కాయలమ్మే లెంక పైడమ్మ
ఆట కేసి చూసేదే కాదు, మొహాల కేసి చూసేది.
"నోళ్ళు తెరిస్తే సిక్సరు, మూస్తే వికెట్టు,
తింతన్నారంటే ఏటీ అవనేదు."

లాకౌటుకి ముందు ఏడు,
విజీనారం టౌను జట్టు మీద ఆఖరి ఆట.
ఎనభై తొమ్మిది కావాలి.
ఎనభై ఎనిమిదికి తొమ్మిది వికెట్లు.
మజ్జి సూరప్పడు బ్యాటు నేలకి కొడుతున్నాడు.
ఎర్నాయుడు చేతులెత్తాడు.
ఒక బంతి. రెండు. మూడు. ఓవరు మారింది.
చేతులు దించలేదు.
కూత కూసింది. ఒక్కడూ లేవలేదు,
నేత సెక్షన్ మొత్తానికి అరపూట జీతం కోశారు తర్వాత.
బోర్డుకి మేకు ఊడిన కన్నం ఒకటి,
అందులోంచి నాకు కనిపించింది ఆ చేతులే,
వణుకుతున్న ఎనిమిది.
అంతలో "ఓలమ్మో!" అని కేక.
మా వైపు సంతోషానికీ గుండెకోతకీ అదే మాట.
ఆరుని చేత్తో పట్టుకుని
తిరగెయ్యాలో వద్దో తెలీక నిలబడ్డాను.

గేటుకి తాళం పడ్డాక
పట్టాని ఎవరో వడ్లు ఆరబెట్టుకోడానికి మోసుకుపోయారు.
ఎర్నాయుడు ఖరగ్‌పూర్ వైపు పోయాడన్నారు,
ఎనిమిది వేళ్ళకి ఎవరు పనిచ్చారో.

ఇరవయ్యేళ్ళకి పైడమ్మని చూడబోతే
పెరట్లో కోళ్ళగూటికి రేకు తలుపు,
తుప్పు కింద
ఒకదాని మీద ఒకటి రెండు సున్నాలు.
"గాలికి ఎగిరొచ్చి పడింది బావు.
నా పెట్టకి అప్పుడు గూడు నేదు. నీదేటి?"
కాదన్నాను.
లోపల పెట్ట పొదుగుతోంది.

ఇప్పుడు టెన్నిస్ బంతి, ఫోన్లో స్కోరు.
మొన్న ఒక కుర్రాడి తెర మీద పడింది
ఎనిమిది, పక్కన ఎనిమిది,
ఎవరూ తలెత్తకుండానే.
నాకు వేళ్ళు పదీ ఉన్నాయి.
రెండు మడిచి
బోర్డు ఉండే చోటు కేసి
కాస్త ఎత్తాను.