పై కమ్మీ

లిమాకి ఉత్తరాన, ఇసుక కొండ మీద
తెల్లవారి ఐదున్నర. మంచూ కాదు, వానా కాదు,
కనుబొమల మీద మాత్రమే తెలిసే తడి.
మెట్లెక్కుతుంటే కోడి పులుసు వాసన
నాకంటే ముందే పైకి చేరింది.

ఇవాళ నెమేసియా ఇంటికి స్లాబ్.
పదకొండేళ్ళు సంతలో ఉల్లిపాయలమ్మి
బస్తా బస్తాగా కూడబెట్టిన కప్పు.
వీధి వీధంతా వచ్చేసింది, బకెట్లతో, తలగుడ్డలతో.
కప్పుకి జ్ఞానతల్లిగా సోసిమా గారు
రిబ్బను కట్టిన సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.
మిల్లరు ఒకసారి దగ్గి, నోరు తెరుచుకుని ఆగింది.
అందరూ నా బూట్ల కేసే చూస్తున్నారు.

ముందు కిందికే వెళ్ళాను.
యూకలిప్టస్ బాదులు, ఒక్కోదాన్నీ సుత్తితో తట్టాను.
బరువు మోసే కర్ర పొట్టిగా పలుకుతుంది.
మూడో వరసలో ఒకటి మాత్రం
లెక్క రాని పిల్లాడిలా గొణిగింది.
దాని కింద ఇటుక ముక్క. ఇటుక కింద ఇసుక.
ఫౌస్తినో మేస్త్రీ మారు మాట్లాడకుండా
పలక వేసి, చీల బిగించాడు.

పైకొచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాను.
దూలం అడుగున రంపపు పొట్టు, కమలా తొక్క,
ఎవరిదో చిన్నపిల్లల చెప్పు, ఒకటే.
ఒకచోట కమ్మీకీ పలకకీ మధ్య వేలు దూరలేదు,
సిమెంటు బిళ్ళ ఎప్పుడో జారిపోయింది.
ఇనుముకీ చర్మం కావాలి,
ఇక్కడి సముద్రపు గాలికి ఓపిక ఎక్కువ.
రింగుల కొక్కేలు లోపలికే వంగాయి, సరే.
స్తంభాల దగ్గర రింగులు ఒత్తుగానే ఉన్నాయి, సరే.
బోలు ఇటుకలు పొడిగా ఉంటే తడపమన్నాను,
కాంక్రీటు నోటి ముందు నీళ్ళు లాక్కుంటాయవి.

ఆ తర్వాత, వీధి మీదికి చొచ్చుకొచ్చిన బాల్కనీ.
పొద్దున్న అందరూ అక్కడే నిలబడి కాఫీ తాగారట,
లోయ బాగా కనిపిస్తుందని.
కుర్చీలు ఒరిగిపోయాయి.
పై కమ్మీలు కింద పడుకుని ఉన్నాయి.

"పోయొద్దు," అన్నాను.

"మిల్లరు అద్దె గంటల లెక్కమ్మా," అన్నాడు ఫౌస్తినో.
"పైనున్నా కిందున్నా లోపలే కదా ఉండేది!"
నెమేసియా మరిది ఎవరిస్తో, మంచి బలమైన మనిషి.
చెయ్యి చాచమన్నాను. చాచాడు.
మణికట్టుకి నీళ్ళ బకెట్టు తగిలించాను.
వంద లెక్కపెట్టేలోపు ముఖం ఎర్రబడింది.
"ఎక్కడ లాగుతోంది?"
రెండో చేత్తో భుజం పైన చూపించాడు.
ఆ మీదట ఎవరూ వాదించలేదు.

వాళ్ళకి చెప్పనిది ఒకటుంది.
ఇరవై నాలుగేళ్ళప్పుడు, దక్షిణాన ఒక ఊళ్ళో
నిచ్చెన మీద నిలబడే, వంగకుండానే, సంతకం పెట్టాను.
బాదులు తీసిన రోజు ఆ బాల్కనీ
నాలుక చాపినట్టు మెల్లగా వాలి, తెగింది.
కింద కుట్టుమిషను.
కుట్టే ఆవిడ దారం కొనడానికి వెళ్ళిందట.
అప్పట్నుంచీ నేను
ఆ దారపు రీలు మీదే నిలబడి ఉన్నాను.

రెండున్నర గంటలు పట్టింది.
కొత్త కుర్చీలు వంచారు, కమ్మీలు లేపి కట్టారు,
నడవడానికి పలకలు పరిచారు.
పులుసు రెండుసార్లు వేడిచేశారు.
నెమేసియా నాతో మాట్లాడలేదు.
చిన్న గిన్నె తెచ్చి పక్కన పెట్టింది, చెంచా లేకుండా.
తర్వాత తనే మోకాళ్ళ మీద వంగి
ఒక్కో కమ్మీ కిందా
ఉల్లిఘాటు ఇంకిన వేలు దూర్చి చూసుకుంది,
చివరిదాకా, ఒక్కటీ వదలకుండా.

మోకాలి మీద కాగితం పెట్టి సంతకం చేశాను.
సీసా పగిలింది. మిల్లరు తిరిగింది.
మొదటి బకెట్టుతోనే
మేం చూసిందంతా కనపడకుండా పోయింది.

బస్సులో ప్యాంటు మడిచి చూసుకుంటే
మోకాలి చిప్ప మీద ఇంకా ఉంది
కమ్మీ గళ్ళ అచ్చు.