పలకని అక్షరం

బుధవారం మధ్యాహ్నం క్లబ్బు వాళ్ళొచ్చి ఆర్డరిచ్చారు:
ఇత్తడి పలకలు మూడు, చెక్క దిమ్మెలతో సహా,
శనివారం సాయంత్రానికల్లా కావాలి.
ఈ ఏడు మా చిలొయే దీవుల్లో ఉత్తమ ఉపాధ్యాయులు ముగ్గురట.
మందుల షాపు బార్రియా డబ్బు ముందే కట్టాడు,
రసీదు అడిగి మరీ.

నా పని చెక్కడం.
ఫుట్‌బాల్ కప్పుల మీద జట్లు, పడవల మీద పేర్లు,
సమాధుల మీద తేదీలు.
ఎవరు గెలిచారో, ఎవరు పోయారో
ఈ రేవులో ముందు తెలిసేది నాకే.
చీటీలో మూడో పేరు చూసి మిషను ఆపేశాను.
ఎర్మిందా నావెల్‌కిన్.

మా బడి చిన్న దీవి మీద.
పడవ దిగొచ్చిన బూట్లన్నీ
పొయ్యి చుట్టూ వరసగా ఆరబెట్టి
తడి ఉన్ని వాసనలో ఆవిడ హాజరు పిలిచేది.
అందరూ "ఉన్నాను టీచర్" అనేవాళ్ళు.
నా నాలుక మొదటి అక్షరం దగ్గరే తట్టుకుని పడేది.
వాళ్ళు నవ్వడానికి ఊపిరి తీసుకునేలోపే
తలెత్తకుండా టిక్కు పెట్టేసేది.
"పలక్కపోయినా ఉన్నాడుగా,"
రిజిస్టరుతో చెబుతున్నట్టు.

మా భాషలో ఒక అక్షరముంది, ఆచే.
ఒక్క మెట్టున్న నిచ్చెనలా ఉంటుంది.
మాట ముందు నిలబడుతుంది, నోరు విప్పదు.
"మరి రాయడం దేనికి?" అంది రొసాల్బా.
ఆవిడ సుద్దముక్క తీసుకుంది:
ఆకలి ముందు అదే, ఎముక ముందు అదే,
అన్న ముందు, ఇవాళ ముందు.
"పలకదు, అంతే. లేకపోవడం వేరు."
ఆ రోజు నా పుస్తకం నిండా
ఆ ఒక్క అక్షరమే రాసుకున్నాను.

శనివారం, అగ్నిమాపక దళం హాలు.
రేకుల కప్పు మీద వాన,
అధ్యక్షుడి ఉపన్యాసంలో సగం దానికే వినిపించింది.
లెక్కల ఒయార్సో తన పలకను చంకలో పెట్టుకుని
నేరుగా ఆపిల్ సారా బల్ల దగ్గరకు నడిచాడు.
రెండో ఆవిడ కుర్రది, చంకలో బిడ్డ,
బిడ్డ ఆ ఇత్తడిని నాకి చూసింది.
తరువాత ఎర్మిందా టీచర్.

ఆవిడ కళ్ళజోడు వెతుక్కునేలోపే
వెనక వరసలోంచి నేను చూశాను.
ఇంటిపేరు మధ్యలో దాక్కున్న ఆచేని గుర్తు పెట్టుకున్నాను.
పేరుకు ముందు నిలబడ్డదాన్ని
మరచిపోయాను.

చప్పట్లు.
ఆవిడ పలకను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, చదివింది.
బార్రియా వంగి చూశాడు, చెవులు ఎర్రబడ్డాయి.
"వెనక్కి పంపిద్దాం," "కొత్తది చేయిద్దాం,"
"డబ్బు కూడా కట్టేశాం కదా!"
మైకు దగ్గర ఆవిడ ఉపన్యాసమేమీ ఇవ్వలేదు.
"దీన్ని చెక్కినవాడు వచ్చాడా?" అంది.

హాలంతా వెనక్కి తిరిగింది.
యాభై రెండేళ్ళ నాలుక
ఎప్పటి చోటే మళ్ళీ తట్టుకుంది.
ఆవిడ చూపు వరసల వెంట నడిచి నా దగ్గర ఆగింది.
బొటనవేలి గోటితో ఇత్తడి మీద చిన్న టిక్కు గీసి
వెళ్ళి కూర్చుంది.
ఆల్చిప్పల సమోసాలు పంచారు.
వాన తగ్గలేదు.

సోమవారం ఉదయం బంగాళాదుంపల సంచిలో
పలక పట్టుకుని షాపుకొచ్చింది.
"అంచు దగ్గర కాస్త చోటు వదిలావు, సరిపోతుందేమో చూడు."
సరిపోయింది, కొంచెం ఇరుగ్గా.
బస్సులో ఆఖరున ఎక్కినవాడిలా
ఒక భుజం బయటికే ఉంది.
గోటి గీత కనిపించనే లేదు, దీపం కింద వెతికాను.

ఆవిడ పర్సు తీసింది.
"వ," అన్నాను.
"వ... వ..."
పర్సు తెరిచి పట్టుకుని
ఆ మాట మొత్తం బయటికొచ్చేదాకా
నిలబడింది.