గమ్మున

ఆదోని ఆసుపత్రిలో పసికందుల వార్డు.
నర్సు సువార్తమ్మ చెప్పింది:
"బిడ్డకూ బిడ్డకూ నడుమ చేతులు కడగాల.
కడిగిన ప్రతిసారీ గోడలో ఎవరో సుత్తితో కొడతారప్పా.
పదకొండు మందీ ఒకేసారి చేతులు విదిలిస్తారు,
చెట్టు మీంచి జారినట్ల."

మోచేత్తో నొక్కితే వచ్చే కొళాయి.
వదిలితే తనే మూసుకుంటాది. మంచిదే.
కానీ లోపలి స్ప్రింగుకు ఓపిక లేదు,
పరుగెత్తే నీళ్ల ముఖం మీద తలుపు వేస్తాది.
నీళ్లు యాడ ఆగుతాయి, నుదురు కొట్టుకుంటాయి.
పైపంతా ఆ దెబ్బ మోసుకుపోతాది
మేడ మీది ట్యాంకు దాకా.

నాది పత్తి యార్డు వెనక లేతు అంగడి.
ఇత్తడి కడ్డీ బిగించి రజను రాల్చి బతికేవాణ్ణి.
చప్పుడు చేయడం నాకు తెలుసు.
చేయకుండా ఉండేది ఎవరూ నేర్పలేదు.

మొదట, మూత వెనక ఒక నీటి గది పెట్టినా.
గదికి సూదిమొనంత బెజ్జం.
ఆ బెజ్జంలోంచి దూరి నీళ్లు గదిని నింపేదాకా
మూత దిగదు.
నొక్కి లెక్కబెట్టినా, పద్నాలుగు.
చప్పుడు లేదు. చెంబెడు నీళ్లు మోరీ పాలు.
నాలుగు దినాలకొకసారి నీళ్లొదిలే ఊర్లో
చెంబెడు పారబోసి నిశ్శబ్దం కొనేదెవరు?

బెజ్జం పెద్దది చేసినా. నీళ్లు మిగిలినాయి.
నాయన పైపు మీద చెయ్యి పెట్టి
"తన్నింది" అన్నాడు.

మా నాయన హుసేనప్ప
ముప్పై ఒక్క ఏండ్లు జిన్నింగు మిల్లులో నిలబడి
చెవులు అక్కడే వదిలి వచ్చినాడు.
పత్తి గింజలతో పాటు అవీ రాలిపోయినాయంటాది మా అమ్మ.
ఆయనకు వినబడదు గాబట్టే ఆయన్ను పిలిచినా
చప్పుడును తూకం వేసేదానికి.
అరచెయ్యి మొహమాటపడదు.
"తన్నింది."
"కొంచెం తన్నింది."
"ఇది కోడెదూడ రా."

రబ్బరు మార్చినా, స్ప్రింగు రెండు చుట్లు కోసినా.
మా నీళ్లల్లో సున్నం. రెండు వారాలకే బెజ్జం పూడి
కొళాయి రాత్రంతా పారింది.
సైకిలు బ్రేకు తీగలోంచి ఒక పోగు లాగి
బెజ్జంలో నిలబెట్టినా.
నొక్కిన ప్రతిసారీ, పుల్లతో పల్లు తోముకున్నట్ల,
దాని నోరు అదే కడుక్కుంటాది.
అది కుదిరింది.
తన్నుడు మాత్రం పోలేదు.

కొలతలకని ఒక సాయంత్రం వార్డుకు పోయినా.
సువార్తమ్మ ఒక బిడ్డను పండబెడతాంది.
ఒళ్లోంచి తొట్టిదాకా బిరబిరా తెచ్చింది,
ఇంకా పది మంది ఉండారు ఆమెకు.
పక్క తగిలేముందు, వేలెడు ఎత్తులో,
ఏ పనీ లేని మనిషైపోయింది.
తలకింది అరచేతిని
ఉందో లేదో తెలీకుండా
ఇంత, ఇంకింత, తీసింది.
బిడ్డ కదల్లేదు.

కొలతలు మరిచి అంగడికి పరిగెత్తినా.
నా మూత అడుగు చదునుగా ఉంది, పలక బోర్లించినట్ల.
దాన్ని బొంగరం మొనలాగా చెక్కినా.
పైనుంచి దబదబా దిగనీ, ఎవరు వద్దన్నారు,
చివరి వేలెడులో మాత్రం
బొంగరం గుంతలోకి ఒరుసుకుంటా పోవాల,
ధార సన్నబడాల:
బొటనవేలంత, పుల్లంత, దారమంత,
ఆఖరికి తడి అంత.

టీ గ్లాసెడు కూడా కారలేదు.
నాయన చెయ్యి పైపు మీద.
నొక్కినా. వదిలినా. గమ్మున మూసుకుంది.
ఆయన ఇంకా ఎదురుచూస్తాండాడు,
పైపును చూసి, నన్ను చూసి,
"ఏమిరా, ఎప్పుడు నొక్కుతావు?"