ముళ్ళపండు నూనె

నుబ్రాలో చలి ముందు నీళ్ళను పట్టుకుంటుంది,
తర్వాత వేళ్ళను.
ఇంకా తెల్లారలేదు.
ఏటి ఒడ్డున పొదల కింద పాత దుప్పటి పరిచి
చోమో స్పల్జెస్ కర్రతో కొమ్మను కొడుతుంది.
గడ్డకట్టిన పండ్లు టపటపా రాలతాయి.
ఎండెక్కితే రాలవు, చేతిలోనే చితికిపోతాయి.
అందుకే ఈ చీకటి, ఈ తొందర.

శనగగింజంత పండు.
నోట్లో వేసుకుంటే చెవుల దాకా పులుపు.
ఇక్కడివాళ్ళు ఛెర్‌మాంగ్ అంటారు,
బోలెడు ముళ్ళున్నదని.
మొన్నమొన్నటిదాకా మేకలు దూకకుండా
ఈ కంపను గోడల మీద పరిచేవాళ్ళు.
ఇప్పుడు లేహ్ నుంచి జీపు వచ్చి
తూకం వేసి, చీటీ రాసి, పట్టుకుపోతుంది.
సీసా మీద బొమ్మలో ఎవరో అమ్మాయి
మోకాళ్ళ దాకా జుట్టు ఆరబోసుకుని నవ్వుతుంటుంది.

కోసేవాళ్ళు పదకొండుమంది సన్యాసినులు.
పదకొండు గుండ్లు.
"మన తలలకి పనికిరాని పంట" అంటుంది
అందరిలోకీ చిన్నది, ముక్కు తుడుచుకుంటూ.
స్పల్జెస్ నవ్వదు.
ఆమెకు ఒక తల గుర్తొస్తుంది.

చెల్లెలు ఇషే.
జూన్‌లో టైఫాయిడ్.
దువ్వితే దువ్వెనే నిండేది.

ఇంట్లో ఒక పెరాక్ ఉంది:
తోలు మీద నూట ఏడు నీలిరాళ్ళు కుట్టిన తలకట్టు,
నుదుటి మీద పడగెత్తి, వీపు మీదికి పాములా జారుతుంది.
అది పెద్దకూతురి సొత్తు.
పెద్దకూతురు పదిహేనేళ్ళకే
మంగలికత్తి కింద తల వంచింది కాబట్టి
చెల్లెలికి వచ్చింది.
జడలకు కట్టి నిలబెట్టాల్సిన బరువు.
జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమేనట.
సరే,
జడే లేనప్పుడు
ఇన్ని రాళ్ళను ఏ వెంట్రుక మోస్తుంది?

ఈసారి కూలిలో కోసుకుని
ఒక చిన్న సీసా ఇమ్మంది స్పల్జెస్.
జీపు డ్రైవరు ఆమె తల వంక చూసి
మర్యాదగా కొండల వంక చూశాడు.

పొయ్యి దగ్గర చెల్లెలిని కూచోబెట్టి
నూనె గోరువెచ్చన చేసి
పాయ తీసి, మాడుకు పట్టిస్తుంటే
బడికెళ్ళే మేనకోడలు సీసా చీటీ గట్టిగా చదివింది:
విటమిన్లు, ఆమ్లాలు,
నోరు తిరగని ఇంకేవో.

"మళ్ళీ వస్తుందా అక్కా?"

అబద్ధమాడనని మొక్కుకున్న నోరు.
"ఏమో.
ఈ పొద మాత్రం రాళ్ళలో కూడా మొలుస్తుంది."
ఇషే ఇంకేమీ అడగలేదు.
మెడ మాత్రం
అక్క చేతుల్లోకి మెల్లగా వాలింది,
చిన్నప్పుడు పేలు చూసేటప్పుడు వాలినట్టు.

అయ్యాక
జిడ్డుచేతులు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక
స్పల్జెస్ తన గుండుకే రాసుకుంది.
దీపం ముందు అది
పండిన ఛెర్‌మాంగ్‌లా నారింజగా మెరిసింది.
వెనక్కి తిరిగి చూసిన ఇషే
జూన్ తర్వాత మొదటిసారి
కడుపు పట్టుకుని నవ్వింది,
మేనకోడలు చదవడం ఆపేసేంత గట్టిగా.

ఎల్లుండి మఠంలో క్షవరాల రోజు.
కత్తి ఈసారి
కొంచెం మెత్తగా నడుస్తుంది.