కొసరు

బైపాస్ మీద అద్దాల మాల్ లేచాక
మా బజారుకి ఈగలే బేరగాళ్లు.
వర్తక సంఘంవాళ్లు రెండుసార్లు టీలు తాగి
మూడోసారికి తీర్మానం చేశారు:
శనివారం శనివారం పల్లెపాట పెట్టించాలని.
పాట కొసరు, సరుకు అసలు.

కందుకూరు పోస్టాఫీసు సెంటర్లో
నాలుగు బల్లలు కలిపి కట్టిన స్టేజీ.
వెనక ఫ్లెక్సీలో మా శెట్టిగారు నవ్వుతున్నారు,
ఆయన చెవి పక్కనే చీరలపై ముప్పై శాతం.
పాడ్డానికి వచ్చింది మాలకొండమ్మ,
పొగాకు బ్యారన్ల కాడ కర్రలకి ఆకు అల్లే మనిషి.
వేళ్ల మీద ఆకుజిగురు నలుపు అట్టానే ఉంది.
మైకుని ముందు వేలితో తట్టి చూసింది,
కుండ కొనేముందు తట్టినట్టు.

నేను ఇరవయ్యేళ్లుగా చీరలు విప్పి చూపేవాణ్ణి.
విప్పడం తేలికే,
మడత పెట్టేటప్పుడే నడుం గుర్తొస్తుంది.
ఆ సాయంత్రం గుమ్మంలో నిలబడి చూద్దును కదా
జనం, పామూరు రోడ్డు మలుపు దాకా జనం.
మొహాలన్నీ ఆమె వైపు,
వీపులన్నీ మా కొట్ల వైపు.

తప్పెట రెండు దెబ్బలు. ఆమె ఎత్తుకుంది:

మూరెడిచ్చి బారెడంటివి ఓ శెట్టి మామా
నీ మోచెయ్యి ఎన్నడు పెరిగె నా కంట బడక

ఒకటే నవ్వు.
సోడా తాగుతున్న ముసలాయనకి పొలమారింది.
శెట్టిగారు గల్లాపెట్టె మీంచి నన్ను చూశారు.
నేను చేతిలోని మీటరు కర్రని చూశాను.
ఒక కొస అరిగిపోయి ఉంది.
ఎప్పట్నించో.

తొమ్మిదింటికి లెక్క తేలింది:
రెండు లంగాబొందులు, ఒక గొడుగు,
మార్చిపోయిన చేతిరుమాలు ఒకటి.
"కొసరు మూటగట్టుకుని
అసలు మన మొహాన కొట్టి పోయినారు గదరా"
అన్నారు శెట్టిగారు, ఫ్యాను ఆపుతూ.

షట్టరు సగం దించాక వంగి లోపలికొచ్చింది మాలకొండమ్మ.
"ఆకుపచ్చది, జాకెట్టుకి, మీటరు."
డబ్బులు సంఘమిచ్చిన కవరులోంచే తీసింది.
"వచ్చే వారం ఆ పాట ఒద్దులేమ్మా," అన్నారాయన
తీగ మీద నడుస్తున్నట్టు.
"ఆ పాటకే గదయ్యా ఇంతమంది వొచ్చింది."
ఎగతాళి లేదు గొంతులో, ధర చెప్పినట్టు చెప్పింది.

ఇద్దరూ నా చేతులకేసే చూస్తున్నారు.
గుడ్డ మీద కర్ర పెట్టాను,
అరిగిన కొస నుంచి కొలిచాను,
కత్తెర మాత్రం
నాలుగు వేళ్లు అవతలికి జరిపాను.