ఒక్క దెబ్బ

ఎగ్మూరు మ్యూజియంలో గాజు వెనక
చెకుముకి పిస్తోలు. మొన్నటితో మూడోసారి చూడ్డం.
మందు పోసి, గుండు దింపి, కడ్డీతో కూరి
ఇంత చేస్తే ఒక్క దెబ్బ.
వాన పడిందా, తుస్సు.

టీవీ సీరియల్లో దొర
దాంతోనే ఆరుగురిని కూల్చాడు.
నేను లెక్కపెడుతుంటే మా ఆవిడ
"మీకు కథ అక్కర్లేదా" అంది.

ఇందీవర్ గేములో మీట నొక్కితే
అర సెకనులో నిండిపోతుంది.
"నాన్నా, నువ్వు అంతసేపు కూరుతుంటే
ఎదుటివాడు ఊరుకుంటాడా?"
వాడూ కూరుకుంటూనే ఉంటాడ్రా, అన్నాను.

అని, నేనే ఆగిపోయాను.
ఇంతలో పెరంబూరంతా కరెంటు పోయింది.
చీకట్లో ఎవరో ఇద్దరు,
ఇరవై అడుగుల దూరం, వంచిన తలలు,
వేళ్ళ సందుల్లోంచి ఒలికిపోతున్న మందు.

ఒకడికి దగ్గొచ్చినా బాగుండు.
లేదంటే వాన.
మద్రాసులో అడిగినప్పుడు ఎప్పుడొచ్చింది గనక.