ఖాయమేనా?

షార్జా హరాజ్ మార్కెట్ల
పాత బండ్లను కొత్తగ చేసుడు నా పని.
సీట్ల కింది ఇసుక గుంజుత.
ఊదు వాసన పోయేదాక ఏసీ నడిపిస్త.
ఆఖరుకు తెర మీద ఒక బటన్ ఒత్తుత:
అంతా తుడిచెయ్యి.
కడుగుడుకు గంట,
మరిపిచ్చుడుకు నాలుగు నిమిషాలు.

బండికి యాది ఎక్కువ.
ఎవలు బెల్టు పెట్టుకోలే,
ఎవల కండ్లు స్టీరింగు మీద మూతవడ్డయి,
ఏ రాత్రి ఏ మూల మీద మల్లింది,
వడ్డీ సేటు చిట్టా లెక్క
అన్నీ రాసిపెట్టుకుంటది.
దొంగతనంగ గాదు, అడిగే రాసింది:
మొదటి రోజే నలభై పేజీలు,
కింద "సమ్మతమే".
ఒత్తింది ఓనరు.
రాతకెక్కింది డ్రైవరు.

నాకేం కొత్త?
జగిత్యాల ఏజెంటు ముందల
అరబ్బీ కాయితం మీద ఏలిముద్ర ఏసినోన్ని.
ఏం రాసుందే అంటే
జీతం రాసుంది అన్నడు.

నిన్నొక పెద్ద తెల్లబండి అచ్చింది.
పోయిన జాగల లిస్టుల
అరబ్బీ పేర్ల నడుమ
తెలుగక్షరాలు, రెండే రెండు:
ఇల్లు.

చేతి సబ్బు ప్యాంటుకు తుడుసుకొని ఒత్తిన.
మ్యాపు సముద్రం దిక్కు పోయింది.
అల్ ఖాన్ ఒడ్డుకు, చెత్తడబ్బా పక్కపొంటి
ఒక పార్కింగు గీత.
ప్రతి శుక్కురారం, పొద్దుగాల ఆరుంబావుకు,
ఇరవై మూడు నిమిషాలు.
కింద ఎర్రగ:
కారణం లేకుంట ఆగినది. యజమానికి తెలిపినం.
ఆరుసార్లు తెలిపింది.
ఏడో శుక్కురారం లేదు.

కారణం లేకుంటనట!
ఇక్కడ ఆరుంబావు అంటే
అక్కడ పావు తక్కువ ఎనిమిది,
బడికి పోయే పోరికి రిబ్బన్లు కట్టే యాళ్ల.
ఫోన్‌ల మొకం పెట్టి
ఇంకో జడ చూపియ్ బిడ్డా అని ఉంటడు.
ఉంటడు అంటున్న.
నాకేం ఎరుక?
నేనన్న ఎవన్ని,
పిలవని ఇంట్లకు
చెప్పులతోని పోయినోన్ని.

"జల్దీ కరో!" గుల్‌జమాన్ ఖాన్ షెడ్డు నుంచి ఒర్రిండు.

ఒత్తిన.
ఖాయమేనా? అన్నది బండి.

ఆ మాట అడగాల్సింది ఆయనను గద.
పేరన్న దొరుకుతదేమో అని ఎతికిన.
డ్రైవర్ 2 అని ఉంది. అంతే.

అవును మీద ఏలు పెట్టిన,
ఆనాడు ఏజెంటు నా ఏలు పట్టి ఒత్తిచ్చినట్టు
నా ఏలును నేనే పట్టుకొని.
నాలుగు నిమిషాలు
బండి ఎనక నిలవడ్డ, బయట, ఎండల.

పొద్దుగూకంగ ఒక ఇరాకాయన బేరం చేసి కొన్నడు.
తాళం తిప్పంగనే తెర తెల్లగ ఎలిగి
మర్యాదగ,
ఇదే మొదటిసారి అన్నట్టు
అడుగుతున్నది ఆయనను:

మీ ఇల్లు ఎక్కడ?